రాణివాసపు హార్ప్సికార్డు: డొమెనికో స్కార్లాట్టి

వెనిసు నగరమున సెయింటు మార్కు పేరు వహించిన ప్రాచీన గ్రంథాలయ మొకటి కలదు. అందు పదునైదు సంగీత సంపుటములు భద్రపరుపబడి యున్నవి. ఎఱ్ఱని తోలు అట్టలు, వానిమీద బంగారు పూత, స్పెయిన్ పోర్చుగల్ రాజవంశముల చిహ్నములు. చూచినంతనే యివి యంతఃపురమునుండి వచ్చినవని తెలిసిపోవును. ఆ సంపుటములలో 496 సొనాటాలు కలవు. దాదాపు అన్నియు హార్ప్సికార్డు అను వాద్యముకొఱకు రచింపబడినవే. అన్నియు నొక్కని రచనలే. అయినను వానిలో నొక్క పుటయైనను రచయిత స్వహస్తముతో వ్రాసినది కాదు. లేఖకులు వ్రాసిన ప్రతులు మాత్రమే. ఇచటనే కాదు, అతని చేతివ్రాతలో నున్న సొనాటా ప్రపంచమున నెచటను నేటివఱకు లభింపలేదు. ఒక రాణి కోరి వ్రాయింపకున్నచో, ఈ సంగీతములో నధికభాగము వాయించినవాని వ్రేళ్ళతోనే నశించి యుండెడిది.

ఆ రచయిత డొమెనికో స్కార్లాట్టి. అతడు 1685 అక్టోబరు 26 న ఇటలీలోని నేపుల్సు నగరమున జన్మించెను. జర్మనీలో బాక్, హాండెల్ అను మహనీయులిద్దఱును ఆ సంవత్సరముననే జన్మించిరి. అప్పటికి నేపుల్సు స్పెయిన్ రాజుల యేలుబడిలో నుండెను. తండ్రి అలెస్సాండ్రో స్కార్లాట్టి సంగీతనాటకముల రచనలో ఇటలీ యంతట పేరు మ్రోగిన విద్వాంసుడు. అతని పదిమంది సంతానములో డొమెనికో ఆఱవవాడు. గాయకులు, వాదకులు, నాటకశాలల యజమానులు వచ్చుచు పోవుచు నుండెడి యిల్లది. అట్టి యింట పుట్టినవానికి విద్య యెట్లబ్బినదని విచారింప నక్కఱలేదు. పదునైదేండ్ల ప్రాయముననే, 1701 లో, నేపుల్సు రాజప్రార్థనాలయమున ఆర్గను వాయించు నుద్యోగము, దానితోపాటు సంగీతకర్తయను పదవియు నతనికి లభించెను.

కాని యుద్యోగము వచ్చినదని స్వాతంత్ర్యము రాలేదు. డొమెనికో తండ్రిచాటు బిడ్డ. తండ్రి యెచటికి పొమ్మనిన నచటికి పోవును. ఏమి వ్రాయుమనిన నది వ్రాయును. 1702 లో తండ్రి యతనిని ఫ్లారెన్సునకు తోడుకొనిపోయి, మెడిచీ వంశపు రాకుమారుడైన ఫెర్డినాండో యొద్ద కొలువు దొరకునేమో యని చూచెను. దొరకలేదు. (పియానోను తొలుత నిర్మించిన క్రిస్టొఫోరి యా రాకుమారుని యాశ్రయముననే పనిచేయుచుండెను.) తరువాత కుమారుని నేపుల్సునుండి తప్పించి వెనిసునకు పంపెను. 1705 లో ఆ రాకుమారునకే తండ్రి వ్రాసిన లేఖ యొకటి మిగిలియున్నది. అందు తన కుమారుని ఱెక్కలు వచ్చిన గ్రద్దతో పోల్చి, యది గూటిలో సోమరియై యుండరాదనియు, దాని యెగురుటకు తానడ్డు రాగూడదనియు నతడు చెప్పుకొనెను. ఇంత చక్కగా చెప్పిన తండ్రియే మఱి దాదాపు పండ్రెండేండ్లు ఆ గ్రద్ద కాలికి కట్టిన త్రాడును వదలలేదు.

వెనిసునాటి కథ యొకటి ఇంగ్లీషు సంగీతచరిత్రకారుడగు బర్నీవలన మనకు చేరినది. ఐర్లండునుండి విద్యార్థియై వచ్చిన రోజిన్‌గ్రేవ్ అను యువకుడు ఒక ప్రభువుగారి యింట హార్ప్సికార్డు వాయించి మెప్పుగాంచెనట. నల్లని దుస్తులు, నల్లని టోపాజుట్టు ధరించిన గంభీరుడైన యువకు డొకడు గది మూల నిలిచి మాట్లాడక వినుచుండెను. అతనిని గూడ వాయింపుమని కోరిరి. అతడు కూర్చుండి వాయింప మొదలిడినంతనే, వాద్యములోనికి వేయి దయ్యములు ప్రవేశించినట్లు రోజిన్‌గ్రేవ్‌నకు తోచెనట. తన విద్యపై రోత పుట్టి, నెలదినములవఱకు నతడు వాద్యమును ముట్టలేదు. మూలనున్న యువకుడు స్కార్లాట్టి. కథలో కొంత యలంకారముండవచ్చును గాని, రోజిన్‌గ్రేవ్ భక్తిమాత్రము నిజము. ఇంగ్లండులో స్కార్లాట్టి పేరు నిలిపినవాడు తరువాత నతడే.

రోములో హాండెల్‌తో జరిగిన పోటీ యింతకంటె ప్రసిద్ధము. కార్డినల్ ఒట్టోబొని యనునతడు సంగీతప్రియుడు. ఆ యిరువురు యువకులను తన మందిరమున నెదురెదురుగా వాయింపజేసెనని హాండెల్ జీవితకథకుడు 1760 లో వ్రాసెను. ఆర్గనుపై హాండెల్‌దే గెలుపు; స్కార్లాట్టి తానే యా మాట ఒప్పుకొనెను. హార్ప్సికార్డుపై మాత్రము తీర్పు తేలలేదు. కొందఱు స్కార్లాట్టియే మిన్న యనిరట. ఇట్టి పోటీలు సాధారణముగా జీవితాంత వైరములుగా పరిణమించును. ఇక్కడ స్నేహము పుట్టెను. ముసలితనమునగూడ హాండెల్ పేరు వినబడినపుడు స్కార్లాట్టి భక్తితో శిలువగుర్తు వేసికొనెడివాడని చెప్పుదురు.

రోములో 1709 మొదలు దేశము విడిచి వచ్చిన పోలెండు రాణి మరియా కాసిమీరా కొలువున నతడు సంగీతనాటకములు వ్రాసెను. ఆమె 1714 లో ఫ్రాన్సునకు పోయినది. అంతట సెయింటు పీటరు దేవాలయమునకు చెందిన గాయకబృందమునకు స్కార్లాట్టి అధిపతి యయ్యెను. క్రైస్తవలోకమున నింతకంటె గౌరవప్రదమైన స్థానము సంగీతజ్ఞునకు తక్కువ. పది కంఠములకు రచించిన స్తాబాత్ మాతెర్ అను గంభీరకీర్తన యా కాలపుదే యని పండితుల యభిప్రాయము. అయినను ముప్పది నిండిన యీ యధిపతి న్యాయదృష్టిలో నింకను తండ్రి యధీనుడే! 1717 జనవరిలో నేపుల్సునందు ఒక దస్తావేజు వ్రాయబడినది. తండ్రి తన కుమారునకు తన యధికారమునుండి విముక్తి నిచ్చుచున్నట్లు అందు గలదు. అప్పటికి డొమెనికోకు ముప్పదియొక్క యేండ్లు. ఆ పత్రమునకు వెనుక నెట్టి కలహము జరిగెనో, ఎట్టి కన్నీరు కారెనో గాని, అందున్నవి లాయరు వ్రాతలు మాత్రమే. స్కార్లాట్టి చరిత్రలో నింతకంటె ముఖ్యమైన కాగితము వేఱొకటి కానరాదు.

1719 లో నతడు వాటికన్ కొలువును విడిచి, ఆ సంవత్సరాంతమునకు పోర్చుగల్ రాజధానియగు లిస్బను చేరెను. బ్రెజిల్ గనుల బంగారముతో నా రాజ్యము తులతూగుచున్న కాలమది. ఐదవ జోవావ్ రాజు రోమునందలి వైభవమంతయు తన ప్రార్థనాలయమునకు తేదలచి, సంగీతాధిపత్యమును స్కార్లాట్టికి కట్టబెట్టెను. రాజుగారి తమ్మునికిని, కుమార్తెకును విద్య చెప్పుట కూడ నతని విధులలో నొకటి. ఆ కుమార్తె మరియా బార్బరా. అతడు వచ్చునప్పటికి ఆమెకు ఎనిమిదేండ్లు నిండలేదు.

రాజకుమార్తెలకు సంగీతము చెప్పుట యనగా నానాడు సాధారణముగా నొక వినోదము. పదిమందిలో రెండు చిన్న గీతములు వాయించిన చాలును, గురువు ధన్యుడు. ఈ బాలిక యట్టిది కాదు. ఆమె నిజముగా విద్వాంసురాలయ్యెను. చూచుటకు ఆమె చక్కనిది కాదు. ముఖమున స్ఫోటకపు మచ్చలు. 1729 జనవరిలో స్పెయిన్ పోర్చుగల్ సరిహద్దున కాయా నదిమీద రెండు రాజకుటుంబములు కలిసికొని, ఆమెను స్పెయిన్ యువరాజగు ఫెర్డినాండునకిచ్చి, అతని సోదరిని పోర్చుగల్ యువరాజునకు తెచ్చుకొనినవి. వధువును చూచి పదునైదేండ్ల వరుడు ఖిన్నుడయ్యెనని అక్కడ నున్న ఇంగ్లీషు రాయబారి గమనించెను. తరువాత నా దంపతుల యనురాగము లోకప్రసిద్ధమయ్యెననునది వేఱు మాట. ఆమెతోపాటు గురువును స్పెయిన్ వెళ్ళెను. అంతకు ముందు సంవత్సరమే రోములో నతడు పదునాఱేండ్ల మరియా కాతరీనా జెంతీలిని పెండ్లియాడి యుండెను. తండ్రి 1725 లోనే మరణించెను.

సెవిల్లాలో నాలుగేండ్లు, 1733 నుండి మాడ్రిడ్‌లో నిరువదినాలుగేండ్లు. ఇక నతని జీవితమున చెప్పదగిన బాహ్యసంఘటనలు మిక్కిలి తక్కువ. సంవత్సరమునందలి ఋతువులనుబట్టి రాజకుటుంబము ఒక మందిరమునుండి మఱియొక మందిరమునకు తరలుచుండును. హార్ప్సికార్డులును, గురువును వెంట తరలుదురు. సవతి యత్త యధికారమున యువరాజదంపతులు రాజకార్యములకు దూరముగా నుంచబడిరి. పదునేడేండ్లు రాజ్యముకొఱకు కాచుకొనియున్న యువరాణికి ప్రొద్దుపుచ్చుటకు, మనసు నిలుపుకొనుటకు మిగిలినది సంగీతమొక్కటే.

1737 లో ఫారినెల్లి మాడ్రిడ్ వచ్చెను. ఐరోపాయంతట నంత గొప్ప గాయకుడు లేడు. చిత్తవైకల్యముతో మంచము విడువని ఐదవ ఫిలిప్ రాజునకు రాత్రులు పాట పాడి సేదదీర్చుట యాతని పని. తరువాత రాజసభలోని నాటకశాల యంతయు నతని చేతిలోనిదే. మంత్రులుకూడ నతని యనుగ్రహమునకై ద్వారముకడ నిలుచువారు. అదే మందిరమున మఱియొక గదిలో స్కార్లాట్టి యుండెను. అతనికి నాటకశాల లేదు, సభ లేదు, కరతాళధ్వనులు లేవు. తండ్రి విద్యయైన నాటకసంగీతము జోలికి స్పెయిన్‌లో నతడు పోలేదు. ఒక వాద్యము, ఒక శిష్యురాలు. ఇంతియే. ముప్పదియైదేండ్లకే మరణించియుండిన, తండ్రి చరిత్రలో నొక పంక్తికి మాత్రమే నోచుకొనియుండెడివాడు ఈ గదిలో నమరుడయ్యెను.

హార్ప్సికార్డు చూచుటకు పియానో వలె నుండును గాని, స్వభావమున వీణకు దగ్గఱి చుట్టము. హార్మోనియమునకున్నట్లే మెట్లుండును. మెట్టు నొక్కినపుడు లోపల సన్నని కొయ్యపుల్ల పైకి లేచును. దానికి గ్రుచ్చిన పక్షియీక ముక్క తంత్రిని మీటును. గట్టిగా నొక్కినను మెల్లగా నొక్కినను నాదమొక్క తీరుననే పుట్టును. తంత్రిని లాగి గమకము పలికించుటకు వీలులేదు. స్వరము పుట్టినంతనే క్షీణింప నారంభించును. వైణికునకు గల సంపదలలో ముఖ్యమైనవి యీ వాదకునకు లేవు. కావున కఱవు తీర్చుకొనుటకు అతనికి మిగిలిన త్రోవలు లయ, వేగము, స్వరముల కూర్పు. ఒక్క స్వరమును పెద్దది చేయజాలడు. నాలుగు స్వరములను గుంపుగా మీటి మ్రోత పెంచవచ్చును. ఆ గుంపులోనికి చెందని యొక పరుషస్వరమును చేర్చినచో నది చెవికి సూదివలె తగులును. స్కార్లాట్టి యీ సూదులను యథేచ్ఛగా వాడెను.

అతని సొనాటా చిన్నది. సామాన్యముగా నాలుగైదు నిమిషములలో ముగియును. రెండు భాగములు, ఒక్కొక్క భాగమును రెండేసి మార్లు వాయింపవలెను. మొదటి భాగము ఒక ఆధారషడ్జముతో మొదలై, నడుమ షడ్జమే స్థానము మార్చుకొని, మఱియొక శ్రుతిలో ముగియును. రెండవ భాగము అక్కడనుండి బయలుదేఱి, ఊహింపని దూరశ్రుతులలో తిరిగి తిరిగి, చివరకు మొదటి భాగపు ముగింపు మాటలనే ఇంటిశ్రుతిలో పలికి నిలుచును. ప్రారంభమున విన్న పల్లవి వంటి వాక్యము మరల రావలెనను నియమము లేదు. పెక్కు సొనాటాలలో నది తిరిగి రానే రాదు. మొదటిసారి వినువారు దానికొఱకు వెదకి నిరాశపడుదురు. వినవలసినది తిరిగివచ్చు నా ముగింపును. అది దూరము పోయివచ్చినవాని మాటవలె, అవే పలుకులైనను వేఱు ధ్వనితో వినబడును. భాగములను రెండవ మాఱు వాయింపక దాటవేయు వాదకులున్నారు. వారు కాలము మిగుల్తురు గాని సొనాటాను పోగొట్టుకొందురు. తొలిమాఱు వింతగా తోచిన మలుపు రెండవమాఱు ఎదురుచూచిన మలుపగుటలోనే యందము కలదు.

141 వ సంఖ్య గల సొనాటాను వినుడు. కుడిచేయి యొకే మెట్టును వ్రేళ్ళు మార్చి మార్చి, లయకొక యాఱు చొప్పున, ఊపిరి సలుపనీయక మీటును. ఎడమచేయి గిటారును గోళ్ళతో జాడించినట్లు పరుషస్వరములు నిండిన గుంపులను విసరును. పిదప నొక చేయి రెండవదానిమీదుగా దాటి గెంతును. కన్నులు మూసికొని విన్నచో నిది రాజమందిరమను తలంపే రాదు. సెవిల్లా వీథిలో నాట్యము జరుగుచున్నట్లుండును. బండ్లు తోలువారు, కంచరగాడిదలను తోలువారు పాడుకొను పాటల తీరులను స్కార్లాట్టి యనుకరించెడివాడని అతనినెఱిగిన వైద్యుడొకడు బర్నీతో చెప్పెను. ఇటలీ దేశపు దేవాలయసంగీతాధిపతి గాడిదల కాపరుల పాటకు చెవియొగ్గి, దానిని రాణి వ్రేళ్ళకు నేర్పుట యెంత సాహసము! ఇక 208 వ సొనాటా దీనికి పూర్తిగా విరుద్ధము. ఎడమచేయి నెమ్మదిగా నడుగులు వేయుచుండ, కుడిచేయి యొంటరి గొంతుకతో, తడబడుచు, ఆగి యాగి పాడును. సాగదీయ వీలులేని వాద్యముమీద పాటను సాగదీసిన భ్రాంతి కలుగును. 141 వ సొనాటాకు ముగ్ధులైనవారు చాలమంది గలరు. రెండింటిలో 208 కే ఎక్కువ విద్య కావలసినది.

అతని జీవితకాలమున స్వయముగా ప్రకటించిన గ్రంథమొక్కటే. తన్ను 1738 లో సాన్తియాగో సంఘపు వీరుని చేసిన పోర్చుగల్ రాజునకంకితముగా, ముప్పది సొనాటాలను అభ్యాసములను పేరిట లండనులో నచ్చొత్తించెను. ముందుమాటలో, ఇందు గంభీరపాండిత్యమును వెదుకవలదనియు, ఇవి కళతో నాడిన చమత్కారపు టాటలనియు, విమర్శకుడుగా గాక మనుష్యుడుగా చదువుమనియు కోరెను. ఏబదిమూడేండ్ల వయసున తొలి గ్రంథమును వెలువరించు రచయిత యింత వినయముగా, ఇంత నిర్భయముగా వ్రాయుట యరుదు. ముప్పదవ రచనకు పిల్లి ఫ్యూగ్ అను పేరు తరువాతివారు పెట్టిరి. పెంపుడుపిల్లి మెట్లమీద నడచినపుడు ఆ స్వరములు పుట్టెనని కథ. పిల్లలకు చెప్పుటకు బాగుండును.

1739 మే నెలలో నతని భార్య అయిదుగురు బిడ్డలను విడిచి అరన్హ్వేజ్ రాజనగరున మరణించెను. అతడు కాదిజ్ నగరపు అనస్తాసియాను మరల వివాహమాడెను. ఆమెకు నలుగురు బిడ్డలు. 1746 లో ఫెర్డినాండు రాజయ్యెను. శిష్యురాలు రాణి యయ్యెను. ఆ సంపుటములలో రెండు 1742, 1749 సంవత్సరములలోను, తక్కిన పదుమూడును 1752 నుండి 1757 వఱకును వ్రాయబడినవి. అవి ప్రతులు వ్రాసిన సంవత్సరములు. రచనాకాలము గుఱించి పండితులు నేటికిని తగవులాడుచునే యున్నారు. స్కార్లాట్టికి జూదవ్యసనముండెడిదనియు, అతని యప్పులను రాణి పలుమాఱులు తీర్చెననియు, ఫారినెల్లి చెప్పినట్లుగా నొక మాట మిగిలియున్నది. అప్పులు తీర్చినందులకు బదులుగా రాణి యీ సొనాటాలను కాగితముమీద పెట్టించెనేమో యని యమెరికా దేశపు హార్ప్సికార్డు విద్వాంసుడగు కిర్క్‌పాట్రిక్ ఊహించెను. అదియే నిజమైనచో నా జూదమునకు సంగీతలోకము ఋణపడియున్నది.

కడపటి సొనాటాలలో చేతులు దాటించుట తగ్గినది. వృద్ధాప్యమున స్కార్లాట్టి మిక్కిలి లావెక్కి చేతులు దాటింపలేకపోయెనని బర్నీ వ్రాసెను. కాని యతని చిత్రపటమున కనబడునది సన్నని మనిషి. లావెక్కినది రాణి. ఆమె వాయించుకొనుటకు వీలుగా గురువు రచనారీతిని మార్చెనని యనుకొనుట న్యాయము.

తరువాతి తరములవారు అతనిని మఱవలేదు గాని, సరిదిద్దబోయిరి. 1906 నుండి సొనాటాలను ప్రకటించిన ఇటలీ పండితుడు లోంగో, పరుషస్వరములను లేఖకుల పొరపాట్లని తలచి పలుచోట్ల మెత్తన చేసెను. ఇది విద్వాంసుల మంచితనమువలన కలుగు కీడు. మన కావ్యముల పరిష్కర్తలకును క్రొత్తది కాదు. కిర్క్‌పాట్రిక్ 1953 లో ప్రకటించిన గ్రంథమున మూలప్రతులను పోల్చి, మొత్తము 555 సొనాటాలని లెక్కతేల్చి, నేడు వాడుకలోనున్న సంఖ్యల నిచ్చెను. స్కాట్ రాస్ అను వాదకుడు 1984, 1985 సంవత్సరములలో ఆ సొనాటాలన్నింటిని హార్ప్సికార్డు కృతులను హార్ప్సికార్డుపైననే వాయించి రికార్డు చేసెను. కిర్క్‌పాట్రిక్ వెదకులాటలో చిత్రమైన సంఘటన యొకటి. దేశదేశముల గ్రంథాలయములు గాలించిన యా పండితునకు స్కార్లాట్టి వంశీయులు దొరికినది మాడ్రిడ్ టెలిఫోను డైరెక్టరీలో!

డొమెనికో స్కార్లాట్టి 1757 జూలై 23 న మాడ్రిడ్‌లోని లెగానితోస్ వీథిలో తన యింట మరణించెను. సాన్ నొర్బెర్తో మఠమున నతనిని సమాధి చేసిరి. పందొమ్మిదవ శతాబ్దిలో మఠమును కూలద్రోసిరి. సమాధి యానవాలు లేదు.

రాణి అంతకు ముందు సంవత్సరమే, 1756 లో, వీలునామా వ్రాసి యుండెను. తన హార్ప్సికార్డులలో మేలైనవానిని, తన సంగీతగ్రంథములన్నింటిని ఫారినెల్లికి విడిచెను. ఆ గ్రంథములతోనే ఎఱ్ఱని సంపుటములు ఇటలీకి తరలిపోయినవి. సంగీతగురువునకు వేఱుగా నొక యుంగరమును, రెండువేల బంగారు నాణెములను వ్రాసెను. అతడు విశ్వాసముతో, శ్రద్ధతో తన్ను వెన్నంటి వచ్చెనని అందు కారణము గూడ చూపెను. 1758 ఆగస్టులో ఆమె మరణించి వీలునామా తెఱచునప్పటికి, ఉంగరము నందుకొనవలసినవాడు గతించి సంవత్సరము దాటినది.